మారువేషంలో పంటినొప్పి

తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఆ పెద్దమనిషిని వీధి వీధంతా త్రాసుగారనే పిలిచేది. తల్లిదండ్రులు పెట్టిన పేరు పెన్షను కాగితాల్లో తప్ప మరెక్కడా మిగల్లేదు. కూరగాయల బండి మనిషి ఆయన వస్తుండడం చూస్తే ముందు తక్కెడ తుడిచి, ఆ తర్వాత తన మొహం తుడుచుకునేవాడు.

ఉద్యోగంలో ఆయన నమ్మిన పద్ధతి ఒక్కటే. మామూలు కొనుగోలుదారులా దుకాణానికి వెళ్ళాలి. అమాయకంగా మొహం పెట్టి సరుకు తూయించుకోవాలి. పొట్లం చేతికొచ్చాక, అప్పుడు జేబులోంచి గుర్తింపు కార్డు తీయాలి. ముందే తీస్తే రుజువుండదు. ఆలస్యంగా తీస్తే దుకాణం కట్టేస్తారు. సరైన క్షణంలో కార్డు తీయడమనే విద్యలో ఆయనను మించినవారు ఆ శాఖలో లేరని ఆయనే చాలామందికి చెప్పారు.

అటువంటి మనిషికి పన్ను నొప్పి పుట్టింది.

కింది వరసలో ఎడమవైపు దవడ పన్ను అది. దాని వెనకది ఏనాడో ఊడి వెళ్ళిపోయింది గనక ఆ పక్కన నమలడానికి మిగిలిన ఏకైక ఆధారం కూడా అదే. అది పోతే ఎడమ దవడ కేవలం అలంకారానికే. ఈ సంగతి త్రాసుగారికి తెలుసు. భార్యకు తెలియకూడదని నిశ్చయించుకున్నారు. ఎందుకంటే ఆవిడ తక్షణం డాక్టరు దగ్గరికి లాక్కుపోతుంది. ఆయన లెక్కలో విచారణ లేకుండా తీర్పు చెప్పడమంటే అదే.

"ఏమండీ, కాఫీ చల్లారిపోతోంది."

"చల్లారనీ. వేడివేడిగా తాగడం గొంతుకు మంచిది కాదని చదివాను."

"నిన్నటిదాకా పొగ కనబడకపోతే కప్పు వెనక్కి పంపేవారు!"

"నిన్నటిదాకా చదవలేదు."

వేడి తగిలితే చాలు, నొప్పి లేచి, కాఫీ అయిపోయాక కూడా చాలాసేపు కూర్చుని, పేపరు మొత్తం చదివి వెళ్ళేది. అలా కొన్నాళ్ళు వేధించి, ఒక రోజు హఠాత్తుగా మాయమైంది. త్రాసుగారు వేడి కాఫీ తాగి చూశారు. ఏమీ లేదు. ఇంకా వేడిగా తాగి చూశారు. నాలుక కాలింది గానీ పన్ను కిమ్మనలేదు. శరీరం తనను తానే బాగుచేసుకుంటుందన్న ఆయన సిద్ధాంతం దిగ్విజయంగా నెగ్గింది. చిక్కల్లా ఒకటే. లేదని చెప్పిన నొప్పి పోయిందని భార్యకు చెప్పడం ఎలా? గెలుపును గుట్టుగా అనుభవించవలసిన దుస్థితి పగవాడికి కూడా రాకూడదు.

ఆ గెలుపు ఒక బిస్కెట్టు కొరికేదాకా నిలిచింది. కొరికిన మరుక్షణం దవడలోంచి చెవిలోకి, చెవిలోంచి నడినెత్తికి ఒక మెరుపు వెళ్ళింది.

ఎదురింట్లో మరో పెన్షనరు ఉండేవారు. ఏ విషయమైనా విని "అంతా బోగస్" అని తేల్చేవారు గనక ఆయన పేరు బోగస్‌గారు. ఉదయపు నడకలో త్రాసుగారు ఎవరో స్నేహితుడి పన్ను అన్నట్టుగా ఈ మాట కదిపారు.

"పళ్ళ డాక్టర్లా! అంతా బోగస్! నోరు తెరవడం వరకే మన వంతు బాబూ. రూట్ కెనాలంటారు, లోపలేదో చేశామంటారు. బాగున్న పన్నుకు చేసినా మనకెలా తెలుస్తుంది?"

త్రాసుగారు నడక ఆపారు. రిటైరైన తర్వాత మొట్టమొదటిసారి ఆయన ఒంట్లో పాత రక్తం పరిగెత్తింది.

"తెలుస్తుంది," అన్నారాయన. "తెలుసుకునే పద్ధతుంది."

పద్ధతి ఇది. డాక్టరు దగ్గరికి మామూలు రోగిలా వెళ్ళాలి. నొప్పి ఉన్న కింది ఎడమ పన్ను గురించి పెదవి విప్పకూడదు. దానికి పూర్తిగా ఎదురుమూలలో, నిక్షేపంలా ఉన్న పై కుడి పన్ను చూపించి బాధపడాలి. డాక్టరు ఆ మంచి పన్నుకే వైద్యం మొదలుపెడితే దొంగ తూకం. సరిగ్గా ఆ క్షణంలో తనెవరో చెప్పి లేచి రావాలి. అలా కాక, అసలు పన్నును డాక్టరే కనిపెడితే నిజాయితీ రుజువైనట్టు. అప్పుడు వైద్యానికి ఒప్పుకోవాలి. ఈ పరీక్షలో లోపమేమైనా ఉందా అని ఆయన అన్ని వైపుల నుంచీ ఆలోచించి, లేదని తేల్చుకున్నారు. పన్ను తనదేనన్న అంశం ఒక్కటే ఆలోచనలోకి రాలేదు.

ఇక నటన. స్నానాలగది అద్దం ముందు నిలబడి కుడి చెంప పట్టుకుని మూలగడం సాధన చేశారు. మొదట్లో అలవాటు కొద్దీ చెయ్యి ఎడమ చెంపకే పోయింది. దాన్ని మందలించి కుడి పక్కకు తెచ్చుకున్నారు.

"లోపలేం చేస్తున్నారండీ?" తలుపవతలి నుంచి భార్య అడిగింది.

"గడ్డం గీసుకుంటున్నా!"

"మూలుగుతూనా?"

"బ్లేడు పాతదైపోయింది!"

"మీది కరెంటు షేవరు కదండీ!"

లోపల కొళాయి విప్పిన చప్పుడైంది.

"కరెంటు సరిగ్గా రావట్లేదు," అని జవాబొచ్చింది.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, లైబ్రరీకని చెప్పి బయల్దేరారు.

"పళ్ళు తోముకుని వెళ్ళండి," అంది భార్య.

"పొద్దునే తోముకున్నానుగా!"

"మళ్ళీ తోముకోండి. లైబ్రరీలో ఎవరైనా దగ్గర్నించి చూస్తే బాగోదు."

ఆడవాళ్ళకు పరిశుభ్రత మీద ఉండే పిచ్చికి నవ్వుకుంటూ, ఆయన మళ్ళీ తోముకుని మరీ వెళ్ళారు.

క్లినిక్ ఒక మేడమీద ఉంది. తెల్లటి గోడలు, నీలం కుర్చీ, కుర్చీ మీదికి వంగిన గుండ్రటి దీపం. డాక్టరమ్మకు ఆయన కూతురంత వయసుంటుంది. నిదానంగా మాట్లాడుతోంది. నిదానంగా మాట్లాడే వ్యాపారులను మరింత జాగ్రత్తగా గమనించాలని త్రాసుగారి అనుభవం.

"ఎక్కడండీ నొప్పి?"

"ఇదిగో. పైన, కుడివైపు." మూలుగు అనుకున్నదాని కంటే బాగా వచ్చింది.

"ఎలా ఉంటుంది?"

"సుత్తితో మోదినట్టుంటుంది."

"వేడి తగిలితే?"

"ప్రాణం పోతుంది."

"చల్లటిది తగిలితే?"

"అదీ అంతే."

"ఏమీ తగలకపోతే?"

"అప్పుడు మరీ."

డాక్టరమ్మ ముక్కుకు అడ్డం కట్టుకున్న గుడ్డ వెనక ఏదో కదిలింది. దగ్గు అయి ఉంటుందని ఆయన అనుకున్నారు.

"ఒక చిన్న పరీక్ష చేద్దామండీ. దూది మంచులా చల్లబరిచి ఒక్కో పన్నుకూ ఆనిస్తాను. చలి తెలియగానే చెయ్యెత్తండి. పోగానే దించండి."

పై కుడి పన్నుకు దూది తగిలింది. చెయ్యి చటుక్కున లేచి, వెంటనే దిగిపోయింది. ఆరోగ్యవంతమైన పన్ను ప్రవర్తించే తీరు అదే. నొప్పి నిలిచి ఉండాలన్న సంగతి అప్పుడు గుర్తొచ్చి, ఆయన చెయ్యి మళ్ళీ ఎత్తారు.

"రెండోసారి ఎందుకెత్తారు?"

"ఇంకా ఉంది. మధ్యలో మర్చిపోయా."

డాక్టరమ్మ వరసగా పళ్ళన్నీ తాకుతూ కింది ఎడమ పన్ను దగ్గరికి వచ్చింది. త్రాసుగారు ఊపిరి బిగబట్టారు. దూది ఆనింది. ఆశ్చర్యం! ఏమీ లేదు. ఇంత సులువుగా గండం గడిచిపోతుందని ఆయన అనుకోలేదు.

"ఏమైనా తెలిసిందా?"

"అబ్బే! రాయిలా ఉంది!" అన్నారు గర్వంగా. "నా పళ్ళన్నింటిలో గట్టిది అదే."

డాక్టరమ్మ కనుబొమ్మలు కొద్దిగా లేచాయి. చేతిలోని చిన్న అద్దం పిడితో ఒక్కో పన్ను మీద మెత్తగా తట్టుకుంటూ వచ్చింది. టక్, టక్, టక్. ఆ రాయిలాంటి పన్ను మీద టక్‌మనగానే త్రాసుగారి రెండు కాళ్ళూ కుర్చీలోంచి గాల్లోకి లేచాయి.

"నొప్పా అండీ?"

"కాదు కాదు. కాలు తిమ్మిరెక్కింది."

"రెండూనా?"

"జంటగానే ఎక్కుతాయి."

ఎక్స్‌రేలు తీసింది. చూసింది. తర్వాత ఆయన నోట్లో ఒక రబ్బరు దిమ్మ పెట్టి, చెంపల్లో దూది చుట్టలు కుక్కి, పెదవి చివర నీళ్ళు పీల్చే గొట్టం కొక్కెంలా తగిలించింది. పళ్ళను ఇంకోసారి బాగా పరీక్షించి, "సరే, నాకు స్పష్టమైంది. మొదలుపెడదాం," అని డ్రిల్లు చేతిలోకి తీసుకుంది.

సర్ర్‌ర్‌మని శబ్దం.

సరైన క్షణం వచ్చేసింది. త్రాసుగారు కార్డు తీయాలి. కానీ ఈ తనిఖీలో కార్డు అంటే నోరే. ఆ నోట్లో రబ్బరు దిమ్మ, దూది, గొట్టం ఉన్నాయి. యావజ్జీవితంలో ఒక్కసారి కూడా తప్పని ముహూర్తం ఆయన కళ్ళముందే దాటిపోతోంది. "ఆఁ! ఊఁ! ఆఁఆఁ!" అన్నారు.

"కదలకండి. భయమేమీ లేదు."

భయం లేకపోవడం ఎక్కడిది? ఆయన గొట్టాన్ని పట్టి లాగారు. అది చేతిలోంచి జారి పాములా ఎగిరి, పక్కనున్న గ్లాసును పడగొట్టి, మెడకు కట్టిన కాగితపు తువ్వాలును పీల్చుకుని గుర్రుమంది. లేవబోతే గుండ్రటి దీపం నుదుటికి తగిలింది. దీపాన్ని తోస్తే మోచెయ్యి పళ్ళేనికి తగిలింది. అద్దాలు, సూదులు, పటకార్లు నేలమీద సంగీతం వాయించాయి. ఆ గందరగోళంలోనే దిమ్మను, దూదిని ఊడబెరుక్కుని, త్రాసుగారు సింహంలా అరిచారు.

"ఆ పన్ను కాదు! పైది బంగారంలా ఉంది! నొప్పి కింద, ఎడమపక్క! నేను తనిఖీకి వచ్చాను!"

డాక్టరమ్మ డ్రిల్లును ఎదురుగా ఉన్న బేసిన్ మీదికి పట్టుకుని నిలబడి ఉంది. దాని కొసనుంచి నీటి తుంపర సన్నగా పడుతోంది.

"తెలుసండీ. కింద ఎడమదే. ఇందులో నీళ్ళు సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకుంటున్నాను."

తలుపు తెరుచుకుంది. చేతిలో పొడి తువ్వాలుతో ఆయన భార్య లోపలికి వచ్చింది.

"ముందు మొహం తుడుచుకోండి," అంది.

"నువ్వా! నువ్వెలా వచ్చావు?"

"మీరు అపాయింట్‌మెంటుకి ఇంటి నంబరిచ్చారు. గుర్తుచేయడానికి వాళ్ళు ఇంటికే ఫోన్ చేశారు."

త్రాసుగారు తువ్వాలులో మొహం దాచుకుని, అక్కడి నుంచే ఆఖరి అస్త్రం వేశారు. "అయితే ఈ పరీక్ష చెల్లదు. నువ్వు పన్ను చెప్పేశావు. ఆవిడ కనిపెట్టినట్టు నటించింది. అంతా కల్తీ!"

"అమ్మగారు ఏ పన్నో చెప్పలేదు సార్," అంది డాక్టరమ్మ. "నేను అడిగాను కూడా. చెప్పనన్నారు. 'ఆయన్ని అడక్కండి, ఆయన పళ్ళనడగండి' అన్నారు. అంతే."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఇప్పుడన్న మాటే అందురుగా!" అంది భార్య. "అద్దం ముందు కుడి చెంప పట్టుకుని రిహార్సల్ వేస్తుంటే తలుపు సందులోంచి చూశాను. ఈయనేదో పరీక్ష పెడుతున్నారని అర్థమైంది. పెట్టేదెలాగూ పెడుతున్నారు, సక్రమంగానైనా జరగనీ అనుకున్నాను."

తన పరీక్షలోని లోపాన్ని తనకంటే ముందే కనిపెట్టి, దాన్ని పూడ్చి, పైగా తనకు తెలియకుండా కాపలా కాసిన మనిషిని త్రాసుగారు కొత్తగా చూశారు. శాఖలో ఇటువంటి సహాయకులు ఇద్దరుంటే రాష్ట్రమంతా సరైన తూకమే నడిచేది.

"అది సరే, దూది పెడితే నాకేమీ తెలియలేదు కదమ్మా?" అని డాక్టరమ్మనే అడిగారు, కొంత తగ్గిన గొంతుతో. "మరి అది చెడ్డ పన్నని ఎలా తేల్చావు?"

"ఏమీ తెలియకపోవడం వల్లనే. పన్ను లోపల ఒక చిన్న గది ఉంటుంది. అందులో నరం, రక్తనాళాలు. ఆ గదిలోంచి పన్ను వేళ్ళ చివరిదాకా సన్నటి దారులుంటాయి. మీ పన్నులో ఆ నరం చచ్చిపోయింది. చచ్చిన నరానికి చలీ వేడీ ఉండవు. కానీ చుట్టూ ఎముక బతికే ఉంది. లోపలి కుళ్ళు వేళ్ళ కొసల్లోంచి దాన్ని తింటోంది. అందుకే తడితే ఎగిరారు. ఇదిగో, ఎక్స్‌రేలో వేరు కింద ఈ నల్లటి నీడ."

"అయితే నొప్పి తగ్గింది నయమై కాదన్నమాట."

"కేకలు వేసే కాపలావాడు పోయాడండీ. దొంగ లోపలే ఉన్నాడు."

త్రాసుగారు ఎడమ చెంప మీద చెయ్యి వేసుకున్నారు.

"ఇంకొకటి," అంది డాక్టరమ్మ. "ఈ పన్ను మీద ఒక పగులుంది. దీంతో గట్టిదేమైనా కొరికేవారా?"

"తీగ," అన్నారాయన చిన్నగా. "కాటాలకు సీసం ముద్ర వేసేటప్పుడు కట్టే తీగను తెంపడానికి. పటకారు ఎప్పుడూ కనబడేది కాదు."

"ఇంటికొచ్చి మాత్రం 'మూతలు పళ్ళతో తియ్యకు' అని నాకు పాఠాలు!" అంది భార్య.

"ఆ పగులు వేరుదాకా దిగి ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు. పన్ను తీసేయాల్సిందే. పైనే ఆగి ఉంటే మాత్రం కాపాడొచ్చు. తెరిచి చూస్తేగానీ తెలియదు," అంది డాక్టరమ్మ.

"ఆ పక్కన ఉన్నది అదొక్కటేనమ్మా," అన్నారు త్రాసుగారు. ఆ గొంతులో ఇన్‌స్పెక్టరు లేడు.

మత్తు సూది పడింది. దవడ మొద్దుబారింది. పన్నొక్కటే బయటికి కనబడేలా నోటిమీద సన్నటి రబ్బరు పొర పరిచారు. లోపలి క్రిములు చాలక నోట్లోవి కూడా చేరకూడదట. భార్య పక్కన స్టూలు మీద కూర్చుంది. పెళ్ళయినప్పటి నుంచి ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఆవిడకు ఒక కొత్త అనుభవం.

డాక్టరమ్మ పన్ను పైకప్పు తెరిచి, లోపల నీలం రంగు చుక్క వేసి, పగులు వెంట కళ్ళద్దాలకు బిగించిన భూతద్దంతో వెతకసాగింది. కుర్చీ చేతిమీదున్న త్రాసుగారి చెయ్యి మెల్లగా పక్కకు జరిగి గాల్లో తడుముకుంది. భార్య చెయ్యి దొరికాక నిలిచింది.

"ఆగిపోయింది," అంది డాక్టరమ్మ. "గది గోడ దాటి దిగలేదు. కాపాడొచ్చు."

ఆ తర్వాత జరిగినది చూసి త్రాసుగారు ముగ్ధులయ్యారు. తల వెంట్రుక కంటే కాస్త లావుగా ఉన్న ఒక సూది. దాని మీద చిటికెన గోరులో పదోవంతు లేని రబ్బరు చక్రం. సూదిని వేరు దారిలోకి దింపుతుంటే పక్కనున్న చిన్న యంత్రం మెల్లగా కూసింది. వేరు కొస దగ్గరపడే కొద్దీ కూత వేగం పెరిగింది. కొస చేరగానే డాక్టరమ్మ చక్రాన్ని పన్ను అంచుకు ఆనించి, సూదిని బయటికి తీసి, బొటనవేలికి ఉంగరంలా పెట్టుకున్న బుల్లి కొలబద్ద మీద పెట్టి కొలిచింది. అర మిల్లీమీటరు తేడా వచ్చిందని మళ్ళీ దింపి మళ్ళీ కొలిచింది. తర్వాత, "మిషను చెప్పింది కదా అని నమ్మేస్తే ఎలా? ఎక్స్‌రే ఫోటోలో కూడా చూద్దాం," అని సాయానికి వచ్చిన నర్సుతో అంది.

ఉద్యోగ జీవితమంతా ఏ వ్యాపారి నోటనైనా వినాలని తపించిన మాట అది. తనకు తెలియని చోట, ఎవరూ చూడలేని చీకట్లో, ఎవరూ అడగకుండానే, కొలతను రెండు రకాలుగా సరిచూసుకునే మనిషి ఉంటుందా? త్రాసుగారి కంటి కొసన తడి చేరింది.

"నొప్పా అండీ?" డాక్టరమ్మ వెంటనే ఆపింది.

ఆయన తల అడ్డంగా ఊపారు.

"మెచ్చుకోలు," అంది భార్య. "మా ఆయనకు అరుదుగా వస్తుంది. కంగారు పడకండి."

దారులు మూడు దొరికాయి. డాక్టరమ్మ ఇంకా వెతుకుతూనే ఉంది. "మామూలుగా ఈ పన్నుకు మూడేనండీ. కొందరికి నాలుగోది దాక్కుని ఉంటుంది. లేదని తేలేదాకా ఉన్నట్టే." చివరికి ఒక మూల సూది మొన కాస్త దిగబడింది. నాలుగోది ఉంది. త్రాసుగారు తన పన్నులోనే ఇంతకాలం రహస్య గిడ్డంగి నడిచిందని తెలుసుకుని, పట్టుకున్న అధికారిణికి మనసులో సెల్యూట్ చేశారు.

దారులన్నీ కడిగి, లోపల మందు పెట్టి, పైన తాత్కాలికంగా మూసింది. "ఇంకోసారి రావాలి. అప్పుడు ఈ దారుల్ని కొసదాకా నింపి మూసేస్తాం. ఆ పైన తొడుగు వేయాలి, లేకపోతే పగులు పెద్దదవుతుంది. నొప్పి లేదు కదా అని మానేయకండి."

"మానేయరు," అంది భార్య. "నొప్పి లేకపోవడమంటే ఏమిటో ఆయనకు ఇప్పుడు బాగా తెలుసు."

ఇంటికి వచ్చేసరికి గుమ్మం దగ్గర, తనిఖీ సంగతి ముందే విన్న బోగస్‌గారు కాచుకుని ఉన్నారు. "ఏం, అంతా బోగసేనా?" అని అడిగారు ఆత్రంగా.

సగం పెదవి మొద్దుబారి, సగం పెదవి వంకరపోయి ఉన్నా, త్రాసుగారు ఒక్కో అక్షరం కూడబలుక్కున్నారు. "కొ... లత... సరి... గ్గా... ఉంది."

సాయంత్రానికి తిమ్మిరి దిగింది. గోరువెచ్చటి కాఫీ కుడివైపు నుంచి జాగ్రత్తగా తాగుతూ, ఆయన చాలాసేపుగా నలుగుతున్న ప్రశ్న బయటపెట్టారు.

"ఇంతకీ పన్ను ఏదో నీకు తెలుసా, తెలియదా? డాక్టరమ్మకు చెప్పనన్నావు. తెలిస్తేగా చెప్పడానికి?"

భార్య చేస్తున్న పని ఆపి లేచి వచ్చింది. ఆయన ఎడమ చెంప మీద చూపుడు వేలు పెట్టింది. వెతకలేదు, తడుముకోలేదు. సరిగ్గా ఆ పన్ను మీద.

"ఇది. కాఫీ నాడే తెలుసు. బిస్కెట్టు నాడు ఖాయమైంది."

త్రాసుగారు కప్పు కింద పెట్టేశారు. "అప్పటినుంచా? ఎలా కనుక్కున్నావు? నేనెక్కడ దొరికాను? మొహంలోనా? నడకలోనా?"

"చెప్పను."

"ఒక్క గుర్తు చెప్పు. తెలుసుకోవడం కోసమే అడుగుతున్నా."

"చెబితే రేపటినుంచి అక్కడ జాగ్రత్తపడతారు," అంది ఆవిడ, కప్పు అందుకుంటూ. "వచ్చే తనిఖీ ఎప్పుడో, ఎక్కడో కబురు చేసి మరీ వెళ్ళే ఇన్‌స్పెక్టరుని మీరెక్కడైనా చూశారా?"

చూడలేదు. త్రాసుగారు అలవాటు కొద్దీ ఎడమ చెంపకు పోబోయిన చెయ్యిని చటుక్కున ఒళ్ళో పెట్టుకున్నారు.